రాయమల్లుకు కట్టిన దారం

శంకరవ్వ సంగతి చెప్పమంటే మా వాడకట్టులో అందరూ ఆమె మొగుడి దగ్గర మొదలుపెడతారు. నేను అక్కడ మొదలుపెట్టను. ఆ మనిషి కోసం నా నోరు పాడుచేసుకోవడం దండగ. నేను చెప్పేది ఒక పొడుగు పిల్లగాడి గురించి. వాడు శంకరవ్వ కన్న కొడుకు కాదు, చుట్టం కాదు, ఒక్కనాడు ఆమె ఇంట్లో మంచినీళ్లు తాగినవాడు కాదు. అయినా నాలుగేళ్లు వాడు శంకరవ్వ మనిషే. ఆ సంగతి వాడకట్టు మొత్తానికి తెలుసు, వాడికి తప్ప.

మాది నిర్మల్. మా వాడ చివర లీలాబాయి దొరసాని ఇల్లు. ఇంటి ముందు పొడుగాటి అరుగు, దానికి కర్ర స్తంభాలు. రోడ్డు దాటితే కాలేజీ గ్రౌండు. దొరసాని మొగుడు పోయాక, భూములు తగ్గాక ఆ పెద్ద ఇంట్లో ఆమె, ఆమె దగ్గు మిగిలాయి. మనిషి అలికిడి కోసమే మమ్మల్ని అరుగు మీద బీడీలు చేసుకోనిచ్చింది. అడిగితే మాత్రం ఒప్పుకునేది కాదు. మీరు కూర్చుంటే కుక్కలు ఎక్కవని అనేది. తంబాకు ఘాటుకు తుమ్ముతూ కూడా కుర్చీ తెచ్చుకొని మా నడుమనే కూర్చునేది.

పొద్దంతా ఒళ్లో చాట, చాటలో ఆకు, తంబాకు. చేయి తిరిగిన మనిషికి బీడీ చుట్టడానికి కళ్లతో పనిలేదు. మరి కళ్లు ఏం చేయాలి? సాయంత్రం అయ్యేసరికి కాలేజీ పిల్లలు గ్రౌండులోకి వచ్చి బాస్కెట్‌బాల్ ఆడేవాళ్లు. ఇనుప స్తంభానికి పలక, పలకకు రింగు, రింగుకు చినిగిన జాలి. బంతిని నేలకు కొట్టుకుంటూ ఉరికిపోయి ఆ రింగులో వేయాలి. ఇంతే ఆట. మొదట్లో మాకు నవ్వు వచ్చేది. ఇంత పెద్ద మగపిల్లలు, ఒక్కొక్కడు నాగలి పట్టే వయసు, అడుగు లేని బుట్టలో బంతి వేసి చేతులెత్తి గెంతుతారు. వేసింది కిందికే పడుతుంది కదా అని నేను అనేదాన్ని. చూడగా చూడగా మాకూ పిచ్చి పట్టింది.

ఆ పిచ్చిని ఆటగా మార్చింది ఎవరంటే ఎవరికి వారు తామే అంటారు. నాకు గుర్తున్నంతవరకు దొరసానే. ఒకనాడు ఒక ఎర్రంగీ పిల్లగాడిని చూపి, వాడు నావాడు, ఎట్లా వేస్తాడో చూడండి అంది. మా నర్మద ఊరుకునే రకమా? కొత్త కోడలు, బజారుకు పోతే పక్కనామె చీరకంటే మంచి చీర కనబడేదాకా ఇల్లు చేరని పిల్ల. వెంటనే ఇంకొకడిని చూపి వాడు తనవాడంది. అట్లా తలా ఒకడిని పట్టుకున్నాం. ఏడాది తిరిగేసరికి ఆ ఆటకు సర్కారుకు లేనన్ని రూళ్లు వచ్చాయి.

కాలేజీ తెరిచిన రోజు చాటలో పగిలిన గాజుముక్కలు వేసి, కళ్లు మూసుకొని తలా ఒకటి తీసేవాళ్లం. పొడుగు ముక్క వచ్చిన మనిషి ముందుగా తనకు నచ్చిన పిల్లగాడిని కోరుకోవాలి. పొట్టి ముక్క వస్తే అందరూ విడిచిపెట్టినవాడే గతి. ఒక్కొక్కరికి ఇద్దరు పిల్లలు. మనవాడు బంతిని రింగులో వేస్తే మన కొబ్బరిచిప్పలో ఒక చింతగింజ వేసుకోవాలి. శనివారం చిప్పలు పక్కపక్కన పెట్టి చూసుకుంటాం. గింజలు తక్కువున్న మనిషి ఎక్కువున్న మనిషికి ఆదివారం కూర్చొని ఆకు కత్తిరించి పెట్టాలి. కత్తెర పట్టీ పట్టీ బొటనవేలు బొబ్బలెక్కే పని అది.

ఇక ఉంచుకునే రూలు. కిందటేడు మనకు ఆడిన ఇద్దరిలో ఒకడిని ఈ ఏడు కూడా మనకే ఉంచుకోవచ్చు. అందుకు బీడీలకు కట్టే దారమే అరుగు స్తంభానికి చుట్టి, ఎవరి ముడి వారు వేయాలి. కాలేజీ తెరిచిన రోజు గ్రౌండులో మొదటి బంతి ఎగరకముందే కట్టాలి. కట్టామంటే వాడు ఏడాదంతా మనవాడే. వాడికి జ్వరం రానీ, కాలు విరగనీ, చదువే మానుకోనీ, మార్చుకునేది లేదు. దారం విప్పాలంటే ఆ ఏడాదికి ఆటలో నుంచి లేచిపోవాలి. ఇంత కఠినం ఎందుకంటే నర్మద వల్లే. తను ఉంచుకున్నవాడికి అమ్మవారు పోస్తే, ఆ సంగతి మాకు తెలియకముందే వాడిని విడిచి ఇంకొకడిని తీసుకుంది. అరుగు మీద వారం రోజులు ఎవరూ ఎవరితో మాట్లాడలేదు. ఆకు తడిపిన నీళ్లు కూడా ఒకరివి ఒకరు ముట్టుకోలేదు. చివరికి దొరసాని కట్టె తీసుకొని అరుగు మీద కొట్టి ఆ రూలు పెట్టింది.

శంకరవ్వ మా అరుగు మీదికి ఖానాపూర్ దగ్గరి ఒక పల్లె నుంచి వచ్చింది. పిల్లలు కాలేదని మొగుడు ఇంకొకామెను తెచ్చుకున్నాడు. దానికి ఈమె ఏడవలేదు. ఏడ్చింది మరిది కొడుకు కోసం. తోటికోడలికి కాన్పు మీద కాన్పు వస్తుంటే, పాకే పిల్లగాడిని తెచ్చి ఈమె ఒళ్లో వేసిందట, వీడిని నీకే ఇచ్చిన అక్కా అని. వాడు బడికి పోయేదాకా ఈమెనే అవ్వా అని పిలిచాడు. ఈమె ఆ ఇల్లు విడిచే రోజు తోటికోడలు వచ్చి వాడి చెయ్యి పట్టుకొని తీసుకుపోయింది. ఇచ్చినవు కదా అని ఈమె అడిగితే, ఇచ్చినట్టు ఎవరు చూసిండ్రు అందట. ఇది శంకరవ్వ నాకు ఒక్కసారే చెప్పింది, ఆకు మీద నీళ్లు చల్లుతూ. మళ్లీ ఎత్తలేదు. నేనూ అడగలేదు. నా నోరు ఎంత పెద్దదైనా దానికీ ఒక గడప ఉంది.

ఎనభై రెండులో అనుకుంటా, ఆమె మా ఆటలో కూర్చున్న మొదటి ఏడు పొట్టి గాజుముక్క వచ్చింది. అందరం ఏరుకోగా మిగిలినవాడు రాయమల్లు. అప్పుడే ఇంటర్‌లో చేరాడు. హాస్టల్ పిల్లగాడు. తండ్రి మందమర్రి దిక్కు బొగ్గుబాయిలో పనిచేస్తాడని, వీడిని చదువుకే ఇక్కడ వేశాడని తర్వాత తెలిసింది. వాడిని చూస్తే ఎండిన జొన్నకట్టెకు లాగు తొడిగినట్టు ఉండేవాడు. బంతి చేతికి వస్తే దాన్ని ఏం చేయాలో తెలియక పక్కవాడికి ఇచ్చేసేవాడు. ఆ ఏడాదంతా శంకరవ్వ చిప్పలో గాలి తిరిగింది. ప్రతి ఆదివారం మాలో ఎవరికో ఒకరికి ఆకు కత్తిరించింది. నా కోసం కత్తిరించిన ఆకే ఎక్కువ, ఎందుకంటే నా పిల్లలు మంచివాళ్లు.

మరుసటి ఏడు దారం కట్టే రోజు ఆమెకు రెండోవాడు ఉన్నాడు, వాడు కాస్త నయం. అందరం వాడినే ఉంచుకోమన్నాం. శంకరవ్వ వినలేదు. స్తంభం దగ్గరికి పోయి, రాయమల్లు పేరు చెప్పి దారం చుట్టింది.

"గా కట్టెను ఏం చేస్తవే, పొయ్యిల పెడ్తవా?" అన్నాను నేను.

"ఎవ్వరు ఉంచుకోకపోతే వాడేడికి పోవాలె బుచ్చక్కా," అంది.

ఆ సెలవుల్లో వాడికి ఏం తినబెట్టారో తెలియదు. జూన్‌లో వచ్చినవాడు కిందటేటివాడు కాదు. హాస్టల్ గుమ్మంలో తల వంచి బయటికి రావాల్సి వచ్చేది. చేతులు మోకాళ్లు దాటాయి. రింగు కింద నిలబడి చెయ్యి చాపితే మిగిలినవాళ్లంతా వాడి చుట్టూ కోడిపిల్లల్లా ఎగరడమే. బంతిని విసిరేవాడు కాదు, అటక మీద పెరుగుకుండ పెట్టినట్టు పెట్టేవాడు. శంకరవ్వ చిప్ప పట్టక చెంబు తెచ్చుకుంది. ఆమె వేళ్లు అప్పుడు చూడాలి. వాడు బంతి పట్టగానే చుట్టే బీడీ చుట్టినట్టే ఆగిపోయేది. బంతి పడ్డాకే దారం వేసేది. మూడేళ్లు మేమంతా వంతులవారీగా ఆమెకు ఆకు కత్తిరించాం. కంపెనీలో బీడీలు అప్పగించేటప్పుడు కూడా నర్మదకు అదే ఏడుపు, ఈసారైనా శంకరత్త వాడిని విడిస్తే బాగుండునని. ప్రతి ఏడు ఆమె కంటే ముందు స్తంభం దగ్గరికి చేరి కూర్చునేది. ప్రతి ఏడు శంకరవ్వ వచ్చి ఏమీ అనకుండా దారం చుట్టేది.

ఇంత చేసి ఆమె రోడ్డు దాటి ఒక్కసారి వాడి ముందుకు పోలేదు. వాడు బోరింగు దగ్గర దోసిలి పట్టి నీళ్లు తాగుతుంటే కూడా, దగ్గరే బిందె పెట్టుకొని తల తిప్పుకునేది. ఎందుకే అని అడిగితే, పోతే ఏమని చెప్పుకోవాలె అంది.

వాడి డిగ్రీకి ఆఖరి ఏడు మిగిలింది. ఆ ఏడు కాలేజీ తెరవడానికి ముందురోజు నర్మద వచ్చింది. దాని తమ్ముడు అదే కాలేజీలో చదివేవాడు.

"శంకరత్తా, రాయమల్లు హాస్టల్ల పేరు రాపియ్యలేదట. మా తమ్ముడు చెప్పిండు. ఈసారి ఇంకొకన్ని చూసుకో," అంది.

అరుగు మీద అందరం నవ్వాం. మూడేళ్లుగా వాడి మీద కన్ను వేసిన మనిషి, దారం కట్టే ముందురోజు వచ్చి వాడు రాడంటే ఎవరు నమ్ముతారు? నీ తమ్ముడు చెప్పిండా, నీ ఆశ చెప్పిందా అని నేనే అడిగాను. నర్మద మొహం ఎర్రబడింది. నమ్మకుంటే మానుండ్రి, నాదేం పోతది అని చాట దులుపుకొని వెళ్లిపోయింది. దాని నోటి వెంట వచ్చిన నిజం అదొక్కటే, అదీ మాకు పనికిరాకుండా పోయింది.

శంకరవ్వ ఆ మాటకు భయపడింది నిజమే, కానీ వాడు రాడని కాదు, నర్మద వాడిని కొట్టేస్తుందని. తెల్లారి దొరసాని వాకిలి ఊడ్చకముందే వచ్చి దారం కట్టేసింది. మేము పోయేసరికి స్తంభానికి కొత్త దారం, ఆమె ముడి. సాయంత్రం మబ్బు పట్టింది. పిల్లలు బంతి తెచ్చారు. ఒక్కొక్కడు గేటు దాటి వస్తుంటే ఆమె చూపు వాడి తల మీది నుంచి వెనక్కి పోయేది. మొదటి బంతి ఎగిరింది. రాయమల్లు రాలేదు. నర్మద ఆ పూట ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

మొదట, ఊరిలో నాట్లు పడుతున్నాయేమో అన్నాం. తర్వాత, బస్సులు లేవేమో అన్నాం. ఆ తర్వాత అనడానికి ఏమీ దొరకలేదు. మంథని నుంచి వచ్చిన కొత్త పిల్లగాడొకడు రింగు కింద రాయమల్లు జాగాలో నిలబడ్డాడు. మంచివాడే, బాగానే వేసేవాడు. వాడు వేసినప్పుడల్లా నర్మద చిప్పలో గింజ పడేది. ఆ చప్పుడుకు శంకరవ్వ తల ఎత్తేది కాదు.

సంగతి చివరికి దొరసాని తెచ్చింది. ఆమె ఇంటి వెనక భాగంలో కాలేజీ సారు ఒకాయన కిరాయికి ఉండేవాడు. ఆయన చెప్పాడట. రాయమల్లు తండ్రికి ఊపిరితిత్తులు చెడి, ఇక బాయి పనికి పనికిరాడని తేల్చారు. అట్లా అయినప్పుడు తండ్రి జాగాలో కొడుకును తీసుకుంటారు. ఇంటికి పెద్దకొడుకు వీడే. చదువు మాని బాయిలో చేరాడు.

బాయిపని దొరకడమంటే చిన్న సంగతి కాదు. మా వాళ్లలో ఎవరి కొడుక్కైనా దొరికితే వాడకట్టంతా శక్కర పంచేవాళ్లం. మంచిదే కదా, ఇల్లు నిలబడ్డది అని ఎవరో అన్నారు. శంకరవ్వ కూడా తల ఊపింది. తల ఊపుతూనే చేతిలో ఉన్న ఆకును చుట్టి, విప్పి, మళ్లీ చుట్టింది. అందులో తంబాకు లేదు.

దొరసాని గొంతు సవరించుకుంది. "శంకరవ్వా, ఇప్పేసుకో. ఇంకొకన్ని తీసుకో. రూలు పెట్టింది నేనే, తీస్తున్నది నేనే."

నర్మద కూడా, మంథని పిల్లగాడిని కావాలంటే నువ్వే తీసుకో అత్తా అంది. అది అంత మాట అనడం నేను ఎన్నడూ వినలేదు.

"వద్దు దొరసానీ," అంది శంకరవ్వ. "కట్టిన గదా. అందరు చూసిండ్రు."

వానలన్నాళ్లూ ఆమె ఒక్క పిల్లగాడితోనే ఆడింది. వాడొక చేతకానివాడు. ప్రతి శనివారం ఓడింది, ప్రతి ఆదివారం కత్తెర పట్టింది. బొటనవేలికి గుడ్డ చుట్టుకొని కత్తిరించేది. నాకు ఒళ్లు మండేది. లేని మనిషి కోసం ఇంత మొండితనం ఏందని తిట్టాను. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా ఆమె నువ్వులు వేయిస్తుంటే వాసనకు ఆమె ఇంట్లోకి పోయాను. బెల్లం దంచుతోంది.

"బుచ్చక్కా, మంచిర్యాలల మీ చెల్లె ఉన్నది గదా. పండుగకు పోవా?" అని అడిగింది, తల ఎత్తకుండా.

నా చెల్లెలికీ నాకూ అప్పటికి మాటల్లేవు. ఆ సంగతి శంకరవ్వకు తెలుసు. రాయమల్లు బాయి ఆ దిక్కేనని నాకు తెలుసని కూడా ఆమెకు తెలుసు. నేను పోదామన్నాను.

ఖానాపూర్ మీదుగా బస్సు. ఆమె పాత ఊరికి పోయే అడ్డదారి వచ్చినప్పుడు కిటికీ దిక్కు కాక నా దిక్కు చూస్తూ కూర్చుంది. ఒళ్లో నువ్వుల ముద్దల మూట. లక్సెట్టిపేట దాటాక గోదావరి గాలి తగిలింది. మంచిర్యాలలో దిగి, ఇంకో బస్సు పట్టుకొని, అడుగుతూ అడుగుతూ ఆ బాయి గేటు దగ్గరికి చేరాం. నేల నల్లగా, చెట్ల ఆకులు నల్లగా, ఆఖరికి మేకలు కూడా బొగ్గు రంగులో తిరుగుతున్నాయి. గేటు ముందు చాయ డబ్బా ఉంది. అక్కడి మనిషిని అడిగితే షిఫ్టు విడిచే వేళయింది, ఇప్పుడే వస్తారు, కూర్చోండి అన్నాడు.

జనం వచ్చారు. తలకు టోపీ, టోపీకి లైటు, మొహం నిండా బొగ్గు. అందరూ ఒక్క తల్లి పిల్లల్లా ఉన్నారు. మేము నిలబడి తలల మీది నుంచి చూస్తున్నాం. అందరికంటే ఎత్తుగా ఒక తల రావాలి కదా. గుంపు పోయింది, తల రాలేదు. ఈ పూట పనిలో లేడేమో అన్నాను. శంకరవ్వ నా చెయ్యి పట్టుకుంది. పక్క నుంచి ఒకడు పోతున్నాడు, మెడ ముందుకు వంచి, భుజాలు దగ్గరికి తెచ్చుకొని, నేల చూసుకుంటూ. చాయ డబ్బా దగ్గర ఆగి, నీళ్ల కుండ దగ్గర దోసిలి పట్టాడు. ఆ దోసిలిని ఆమె గుర్తుపట్టింది.

నాలుగేళ్లలో మొదటిసారి ఆమె వాడికి ఎదురుగా పోయి నిలబడింది. వాడు మా ఇద్దరినీ చూశాడు.

"ఎవరు కావాలె అవ్వా?" అన్నాడు.

ఆమె మాట్లాడకపోతే నేనే చెప్పాల్సి వచ్చింది. నిర్మల్‌లో కాలేజీ ముందు అరుగు మీద బీడీలు చేసేవాళ్లమని చెప్పాను. వాడి పళ్లు తెల్లగా మెరిశాయి.

"మీరా? మేము బంతి ఎగరేసినప్పుడల్లా లొల్లి చేసేటోళ్లు గదా. మా సారు మిమ్ములను చూసి పరేషాన్ అయ్యేటోడు. గిటెందుకు వచ్చిండ్రు?"

"గీమె నీకోసం వచ్చింది," అన్నాను. ఆ తర్వాత దాచడం ఎందుకని మా ఆట అంతా చెప్పేశాను. గాజుముక్కలు, గింజలు, చెంబు, దారం, అన్నీ. శంకరవ్వ సిగ్గుతో నేలలోకి పోయేలా ఉంది. వాడు మొదట నవ్వాడు, చాయ డబ్బా మనిషి తిరిగి చూసేంత గట్టిగా. తర్వాత నవ్వు తగ్గించాడు.

"మొదటేడు కూడ నన్నే పెట్టుకున్నవా అవ్వా? గప్పుడు నాకు బంతి పట్టుకునుడే రాకపోయేది. ఒక్కటన్న వేసిన్నా?"

అప్పుడు శంకరవ్వకు మాట వచ్చింది.

"వేసినవ్ బిడ్డా. ఒక్కటి వేసినవ్. ముసురు పట్టిన్నాడు. బంతి పలకకు తాకి, రింగు మీద తిరిగి తిరిగి లోపల పడ్డది. నువ్ చూడలే. కాలు జారి కింద పడి ఉన్నవ్."

వాడు గుర్తు తెచ్చుకోవాలని చూశాడు. గుర్తు రాలేదని మొహం చెప్పింది. ఆమె మూట విప్పి ముద్ద తీసింది. వాడు చేతులు చూపించాడు, నల్లగా ఉన్నాయని. ఆమె నోటికి అందించడానికి చెయ్యి ఎత్తితే అందలేదు. వాడు ఇంకాస్త వంగాడు. ముద్ద తిని, కింద చూస్తూ నములుతూ అడిగాడు.

"ఇప్పుడు నా జాగల ఎవరు ఆడుతుండ్రు?"

మంథని పిల్లగాడి పేరు నా నాలుక చివర ఉంది. శంకరవ్వ నా కంటే ముందే చెప్పింది.

"ఎవ్వరు లేరు. నీ జాగ గట్లనే ఉన్నది."

వాడు ఇక నమలలేదు. భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు, మసి ఇంకాస్త పూసుకుంది.

"గట్ల ఉంచకు అవ్వా," అన్నాడు. "గా దారం ఇప్పెయ్యి. నేను ఇగ రాను. బాపు మంచంల ఉన్నడు. గిదే నా పని. ఇంకెవలనన్న మంచోన్ని తీసుకో."

ఆమె తల ఊపింది. లోపల ఎట్లుంటది బిడ్డా అని అడిగింది.

"ఏముంటది, కప్పు తక్కువుంటది. వంగే నడవాలె. మొదట్ల దినాం తల తాకిచ్చుకునేటోన్ని. ఇప్పుడు అలవాటైంది, బయట కూడ గట్లనే నడుస్తున్న అని మా అవ్వ తిడ్తది."

ఇంటికి రమ్మన్నాడు. చీకటయ్యే లోపు బస్సు పట్టుకోవాలని చెప్పాం. మూట మొత్తం వాడి చేతిలో పెట్టి, ఇంట్లో వాళ్లకు కూడా పెట్టమంది. వాడు పోతుంటే ఆమె వెనక నుంచి చూస్తూ నిలబడింది. మలుపు దగ్గర కరెంటు తీగ ఒకటి వేలాడుతుంటే వాడికి తాకుతుందేమోనని ఆమె చెయ్యి దానంతట అదే పైకి లేచింది. తీగ చాలా ఎత్తున ఉంది. వాడు దాని కింద నుంచి వంగే పోయాడు.

మా చెల్లెలి ఇంటికి పోయి పడుకున్నాం. మాటల్లేని చెల్లెలు వేడి అన్నం పెట్టింది, నేను తిన్నాను. శంకరవ్వ నీళ్లు తాగి గోడ దిక్కు తిరిగింది.

నిర్మల్ వచ్చాక ఆమె మరునాడు అరుగు మీదికి అందరికంటే ముందే వచ్చింది. మేము చూస్తుండగా స్తంభం దగ్గరికి పోయి ముడి విప్పింది. వానకు తడిసి, ఎండకు ఎండి గట్టిపడ్డ ముడి. గోటితో రాలేదు. నర్మద కత్తెర అందించబోతే వద్దని పంటితో విప్పింది. ఆ దారాన్ని పారేయలేదు. వేలికి చుట్టుకొని వచ్చి కూర్చొని, చాట ఒళ్లో పెట్టుకొని, ఆ పూట చుట్టిన బీడీలకు ఆ దారమే కట్టింది. అది అయిపోయేదాకా అదే కట్టింది. ఆ తర్వాత కొత్త ఉండ తీసింది.

ఆ తర్వాత ఆమె చాలా ఏళ్లు బతికింది. ఆటలో మళ్లీ కూర్చోలేదు. జూన్ వస్తే గాజుముక్కల చాట ఆమే పట్టుకునేది. నర్మద ఏటా అడిగేది, ఒక్క పిల్లగాన్ని పట్టుకో అత్తా అని. ఆమె నవ్వి, చాట ఇంకొకరి ముందు పెట్టేది. ఇవన్నీ జరిగాయి. నాకు మాత్రం ఆమె పేరు వింటే గుర్తొచ్చేది ఆ దారం విప్పిన రోజు సాయంత్రమే.

ఆ సాయంత్రం బీడీలు అప్పగించడానికి కంపెనీకి పోయాం. బీడీలు చూసి తీసుకునేవాడు కొత్త మనిషి. కట్టలు తిప్పి తిప్పి చూశాడు. శంకరవ్వ కట్టల్లో కొన్ని బీడీలకు దారం రంగు పోయి తెల్లబడి ఉంది. ఏం పాత దారం కట్టినవ్ అని ఆ బీడీలన్నీ ఏరి, విరిచి, గంపలో పారేశాడు. నేను మీదికి పోయాను. దారం పాతదైతే బీడీ కాలదా, నీ నోట్లో పెట్టుకునేది దారమా తంబాకా అని అడిగాను. ఇంకా చాలానే అడిగాను, అవి చెప్పేవి కావు. మామూలుగా అయితే ఒక్క బీడీ తీసినా శంకరవ్వ నా కంటే ఎక్కువ కొట్లాడే మనిషి.

"పోనియ్యి అక్కా," అంది.

బజారు దాటి వస్తున్నాం. కాలేజీ గ్రౌండులో పిల్లలు ఇంకా ఆడుతున్నారు, బంతి చప్పుడు వినబడుతోంది. ఆమె అటు చూడలేదు. చాట చంకలో పెట్టుకొని చాలా దూరం నడిచింది. గ్రౌండు గోడ అయిపోయాక ఆగింది.

"బుచ్చక్కా. లోపల అంత దూరం వంగి పోతరు గదా. నడుమల ఏడన్న జర ఎత్తు జాగ ఉంటదా? పొడుగోళ్లు ఒక్క గడియ సక్కగ నిలబడెతందుకు?"

నేను ఎన్నడూ బాయిలో దిగలేదు.

"ఉంటది," అన్నాను. "ఎందుకుండదే. ఉంటది."